మూడు రోజుల ముసురు

మూడు రోజులుగా ముసురు వదలలేదు, మంద దొడ్డి దాటలేదు. నిన్న రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని వెళ్లేసరికి గొర్రెలన్నీ మెరక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. చలి వేస్తే అవి చేసే పనే అది. అడుగున పడ్డ పిల్ల నలిగి చస్తుంది. విడదీస్తుంటే బురదలో అప్పుడే పుట్టిన పిల్ల కనిపించింది, ఒంటి మీద పొర కూడా ఆరలేదు. ముక్కు తుడిచి, గోనెసంచితో రుద్ది, నాన్న గొంగడిలో చుట్టి పొయ్యి పక్కన పెట్టాను. తెల్లవారుజామున తల్లి పొదుగు అందుకుని జున్నుపాలు తాగింది. తోక ఆడించింది! దాని జంటపిల్ల మాత్రం దక్కలేదు.

దొడ్డి మీద కప్పడానికి కొన్న ప్లాస్టిక్ పట్టా మొదటి గాలికే చిరిగింది. నల్లగొర్రెల ఉన్నితో నేసిన ఆ పాత గొంగడి మాత్రం తడిసినా వెచ్చగానే ఉంటుంది.

వేసవంతా తుమ్మకాయలు రాల్చి మేపుతూ మబ్బు కోసం చూసింది నేనే. ఇప్పుడు పచ్చిక మొలిచిందని సంతోషించడానికీ లేదు. లేత గడ్డి ఆబగా మేస్తే చిటుకు రోగం. సాయంత్రం బాగున్న గొర్రె పొద్దుటికి కాళ్లు చాపేస్తుంది. టీకా ముందే వేయించాం కాబట్టి ఆ భయం కొంత తక్కువ. తడికి గిట్టల మధ్య పుండ్లు మాత్రం మొదలయ్యాయి, నాలుగు గొర్రెలు కుంటుతున్నాయి.

మా బావ ఫోను చేసి, "గొర్రెలంటే నడిచే బ్యాంకు కదా, నీకేం" అన్నాడు. చేతికి అంటిన బురద కడుక్కుంటున్నాను, తర్వాత మాట్లాడతానన్నాను.