అర్బానాలో సూసా మార్చ్

షికాగో నుంచి దక్షిణంగా కారులో రెండున్నర గంటలు. దారంతా మొక్కజొన్న, సోయా చేలే. మా అన్నయ్య కూతురు అర్బానా-షాంపేన్ జంట ఊళ్లలో ఉన్న ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదువుతోంది. దాన్ని చూడాలని ఎంత ఉందో, అక్కడ పాత బ్యాండు స్వరప్రతులు దాచిన సూసా ఆర్కైవ్స్ చూడాలనీ అంతే ఉంది నాకు.

'మార్చ్ కింగ్'గా పేరుపడ్డ అమెరికన్ స్వరకర్త, బ్యాండు నాయకుడు జాన్ ఫిలిప్ సూసా 1929లో ఈ విశ్వవిద్యాలయం బ్యాండు కోసం ఒక మార్చ్, అంటే కవాతు బాణీ, రాశాడు. దాని పేరే 'యూనివర్సిటీ ఆఫ్ ఇల్లినాయ్'. అప్పటికే ఆయనకు డెబ్బయ్యేళ్లు దాటాయి. బ్యాండు డైరెక్టరు ఆల్బర్ట్ ఆస్టిన్ హార్డింగ్ ఆయనకు స్నేహితుడు. ఆర్కెస్ట్రా కృతులను ఊదే వాద్యాలకు అనువుగా తిరగరాసి, పెద్దగా ఎవరూ వాడని సారుసోఫోన్ అనే లోహపు ఊదే వాద్యం లాంటివాటినీ తెచ్చి, విద్యార్థుల బ్యాండును కచేరీ స్థాయికి పెంచినవాడు హార్డింగ్. 1932లో సూసా కన్నుమూశాక ఆయన బ్యాండు స్వరప్రతుల్లో చాలా భాగం ఇక్కడికి చేరడం వెనక ఉన్నది ఈ స్నేహమే.

ఆర్కైవ్స్ ఉన్నది హార్డింగ్ బ్యాండ్ బిల్డింగ్‌లో. పాత కాగితాలు చూస్తుంటే అదే భవనంలో ఎవరో పిల్లలు క్లారినెట్ సాధన చేస్తున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మార్చ్ ప్రతులు అరచేతికి కాస్త పెద్దవి, అంతే. నడుస్తూ వాయించేటప్పుడు వాద్యానికే బిగించుకోవాలి కదా! ఒక్కో కాగితంలో ఒక్క వాద్యం వంతే ఉంటుంది. ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూర ఊదేవాడి కాగితం చూసి పాట ఏమిటో పోల్చుకోలేం.

ఆ మర్నాడు సాయంత్రం విశ్వవిద్యాలయంలోనే ఉన్న క్రానర్ట్ సెంటర్ ఫోలింజర్ హాల్లో కచేరీ. 'యూనివర్సిటీ ఆఫ్ ఇల్లినాయ్' మార్చ్ కార్యక్రమ పత్రంలో లేదు. చప్పట్లు ఆగకముందే మొదలైంది. సూసా కూడా తన మార్చ్‌లను ఇలాగే, ప్రధాన కృతుల మధ్య కొసరుగా వాయించేవాడు. ఆయన మార్చ్‌లలో సాధారణంగా 'ట్రయో' అనే భాగం దగ్గర ఆధార శ్రుతి మధ్యమానికి మారుతుంది. మధ్యమ శ్రుతిలో పాడటం విన్నవాళ్లకు ఆ మలుపు చటుక్కున తెలుస్తుంది. అసలు రాగం కింద యూఫోనియం (ట్యూబా కన్నా చిన్న ఇత్తడి బూర) తనదైన మరో రాగం అల్లుతూ ఉంటుంది. మామూలు స్పీకర్లలో అది డ్రమ్ముల మోతలో కలిసిపోతుంది. హాల్లో మాత్రం వేరుగా, నిండుగా వినపడింది.

వెళ్లేవాళ్లు కచేరీకి ముందే ఆర్కైవ్స్ చూడండి. ఏ వాద్యం వంతు ఏమిటో కాగితం మీద చూశాక వింటే, చెవి నేరుగా దాని దగ్గరికే పోతుంది.