సీసా పేలిన కేసు
ప్రొడక్ట్ లయబిలిటీ (లోపమున్న సరుకు వల్ల హాని జరిగితే బాధ్యత ఎవరిదనే చట్టం) మీద పాత లా వ్యాసాలు తిరగేస్తూ, 1944 నాటి కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు దగ్గర ఆగిపోయాను. ఫ్రిజ్‌లో సర్దుతుంటే కూల్‌డ్రింక్ సీసా చేతిలోనే పేలి, ఒక వెయిట్రెస్‌కి అరచెయ్యి లోతుగా తెగింది. కేసు ఆమే గెలిచింది. కానీ నన్ను పట్టేసింది జడ్జి రోజర్ ట్రేనర్ విడిగా రాసిన అభిప్రాయం. ఆయన వాదన ఇదీ: ఫ్యాక్టరీలో ఏం జరిగిందో ఆమెకెలా తెలుస్తుంది? నిర్లక్ష్యం నిరూపించమని ఆమెనెందుకు అడగాలి? ఆ కోర్టులో అలా అన్నది అప్పటికాయన ఒక్కడే. 1960లో లా ప్రొఫెసర్ విలియం ప్రాసర్ ఒక లా రివ్యూలో (లా కాలేజీల నుంచి వచ్చే న్యాయ పత్రికలో) రాసిన వ్యాసం ఈ వాదనకి బలమిచ్చింది. 1963లో, వడ్రంగి మెషిన్ నుంచి చెక్క ఎగిరొచ్చి నుదుటికి తగిలిన కేసులో, అదే కోర్టు తరఫున ట్రేనరే తీర్పు రాశారు: సరుకులో లోపం వల్ల దెబ్బ తగిలితే, నిర్లక్ష్యం నిరూపించకపోయినా తయారీదారుదే బాధ్యత. లా రివ్యూలు ఎవరు చదువుతారండీ అనేవాళ్లకి ఈ రెండు తీర్పులూ పంపిస్తాను, ఫుట్‌నోట్లతో సహా!