పిడి చేతికి అమరితేనే

కడపలో పోలీసు ఆయుధాగారంలో పనిచేసిన రోజుల్లో, 1915లో బ్రిటిషు సైన్యం స్వీకరించిన .455 వెబ్లీ మార్క్ 6 రివాల్వరును తుడిచి నూనె పట్టించడం నాకెంతో ఇష్టమైన పని. సుమారు 1.1 కిలోల ఆ బరువును చూసి కొత్తవాళ్ళు జంకేవారు గానీ, అదే తూటాను తేలికైన తుపాకిలో పేలిస్తే చేతిని చరిచినట్టుండే ఎదురుదెబ్బ, బరువైన దానిలో మెల్లగా తోసినట్టుగా మాత్రమే తెలుస్తుంది. గొట్టం చేతికి పైన ఉంటుంది గనుక మూతి పైకి లేవక తప్పదు. అందుకే పిడిని వీలైనంత పైకి పట్టాలి.

అసలు బాధంతా పిడితోనే. ట్రిగ్గరు గార్డు, అంటే ట్రిగ్గరు చుట్టూ ఉండే ఇనుప కమ్మీ, వెనుక ఖాళీ మిగిలితే, పేలిన ప్రతిసారీ ఆ ఇనుము నడిమివేలి కణుపును కొడుతుంది. నా వేలు ఒకసారి వాచి, రెండు రోజులు అన్నం ముద్ద కూడా సరిగా కలపలేకపోయాను. ఆ ఖాళీని నింపే రబ్బరు పిడి నా దృష్టిలో నున్నని చెక్కకన్నా మేలు. అయితే 1873 నాటి కోల్ట్ రివాల్వరు వంపు పిడి, దెబ్బకు ఎదురు నిలవకుండా అరచేతిలో దొర్లి, తూటాను పేల్చే సుత్తిని బొటనవేలికి అందిస్తుంది.