బావమరిది లాట్లు, సెబీ హద్దులు

2024లో ఒక గురువారం మధ్యాహ్నం, అమీర్‌పేటలోని ఒక ఇరానీ హోటల్లో, ముందున్న చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మా బావమరిది ఫోన్‌కు కళ్లప్పగించి కూర్చున్నాడు. నిఫ్టీ షేర్ సూచీ పెరుగుతుందన్న ఆశతో తాను యూనిట్ నలభై రూపాయలకు కొన్న నిఫ్టీ కాల్ ఆప్షన్ మూడున్నర అయ్యేసరికి ఐదు పైసలకు దిగింది. నిఫ్టీ వారపు కాంట్రాక్టుల గడువు అప్పట్లో గురువారమే ముగిసేది. ఫ్యూచర్స్, ఆప్షన్లలో, అంటే ముందు ధరల మీద కుదిరే ఒప్పందాల్లో, పదిమంది వ్యక్తిగత ట్రేడర్లలో తొమ్మిదిమంది నష్టపోయారన్న హెచ్చరికను, ఖాతాలోకి లాగిన్ కాగానే చూపాలని 2023 జులై నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ బ్రోకర్లకు తప్పనిసరి చేసింది. మావాడు దాన్ని చదవగా నేను చూడలేదు. బొటనవేలితో నొక్కి ముందుకు పోతాడు.

2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో ఫ్యూచర్స్, ఆప్షన్ల వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, ఆ నష్టం మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని సెబీ 2024 సెప్టెంబరులో తేల్చింది. మరుసటి నెలలోనే కొత్త కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచి, వారపు గడువులను ఎక్స్ఛేంజికి ఒక్క సూచీకే పరిమితం చేసింది. నిఫ్టీ లాట్, అంటే ఒకేసారి కొనవలసిన కనీస యూనిట్ల సంఖ్య, 25 నుంచి 75కు చేరడంతో, వెయ్యి రూపాయలకు వచ్చే అదే నలభై రూపాయల ఆప్షన్‌కు మూడువేలు పెట్టవలసి వచ్చింది. చిన్నవాళ్లను గుమ్మం దగ్గరే ఆపాలన్న ఉద్దేశం సరైనదే కాని, ఆగనివాడికి తగిలే దెబ్బ కూడా మూడింతలయింది.

నా దృష్టిలో నియంత్రణ అసలు బలం ఈ లాట్లలో కాక, ఎవరి కంటా పడని మార్జిన్ల ఏర్పాటులో ఉంది. ఆప్షన్ అమ్మినవాడు హామీ సొమ్ముగా ముందుగానే మార్జిన్ కట్టాలి; అతడు చేతులెత్తేసినా, గెలిచినవాడికి రావలసిన సొమ్ముకు ఎక్స్ఛేంజి లావాదేవీల చెల్లింపులు చూసే క్లియరింగ్ కార్పొరేషన్ పూచీ ఉంటుంది. ఎక్స్ఛేంజి బయట చీటీల మీద నడిచే డబ్బా ట్రేడింగ్ చట్టవిరుద్ధం, అక్కడ ఈ పూచీ ఏదీ ఉండదు.

మొన్న మావాడు కొత్త యాప్ ఒకటి చూపించాడు. దానిలో లాట్ లేదు, మార్జిన్ లేదు, తొమ్మిదిమంది మాటా లేదు. గెలిస్తే డబ్బు ఎవరిస్తారని అడిగాను.

"అన్న ఇస్తాడు బావా, తెలిసినాయనే" అన్నాడు.