చేతికి లేసు, చెవికి కథ

మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ఇంట్లో టీవీ పెట్టరు. అత్తయ్యగారు వీధి వరండాలో గోడకి జేరబడి, ఒళ్ళో ఉతికిన తెల్లగుడ్డ పరుచుకుని లేసు సూది తీస్తారు. అంతకుముందే సబ్బుతో చేతులు కడుక్కుంటారు. తెల్లదారానికి నూనె చెయ్యి తగిలితే మరక ఒక పట్టాన వదలదు. పక్కన కిటికీ గూట్లో నా పాత ఫోను, దానికి తగిలించిన చిన్న స్పీకరు ఉంటాయి. సెలవు రోజైతే మా అమ్మాయి, లేకపోతే నేను, నిన్న ఆపిన చోటు నుంచి పెడతాం. ఇక సాయంత్రం దాకా అల్లడం, వినడం రెండూ కలిసే సాగుతాయి.

ఈ రెండూ ఎంత చక్కగా కుదురుతాయో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. లేసు పనికి వేళ్ళు కావాలి, కాస్త చూపు కావాలి. చెవులకి మాత్రం పనే లేదు. మా వైపు ఎన్ని తరాల ఆడవాళ్ళు గంటల తరబడి కూర్చుని అల్లారో! పక్కన కూర్చుని చదివిపెట్టే మనిషి ఉంటే వాళ్ళు ఎన్ని పుస్తకాలు వినేసేవారో అనిపిస్తుంది.

మాది నరసాపురానికి దగ్గర్లో ఒక పల్లె. నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు వైపు ఏ వీధిలోకి వెళ్ళినా అరుగు మీద లేసు పట్టుకున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు 1844 ప్రాంతంలో ఇక్కడి ఆడవాళ్ళకి ఈ పని నేర్పారని చెప్పుకుంటారు. ఆ తర్వాత బడీ లేదు, గురువూ లేదు. తల్లి పక్కన కూర్చుని కూతురు నేర్చుకోవడమే. అత్తయ్యగారు వాళ్ళ అమ్మమ్మ దగ్గర గొలుసు వేయడం నేర్చుకున్నారట. పలక మీద అక్షరాలు దిద్దకముందే చేతికి సూది వచ్చిందని చెబుతారు.

ఏజెంటు దారం, నమూనా తెచ్చి ఇస్తాడు. ఒకరు పువ్వులు అల్లుతారు, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది. అంతా కలిసి ఒక బల్లగుడ్డ అయ్యేసరికి అది ఎన్ని ఇళ్ళు తిరిగి వచ్చిందో చెప్పలేం. కూలి దారం లెక్కన ఇస్తారు. రోజంతా నడుము విరగ్గొట్టుకున్నా పొలం పనికి వెళ్ళినంత రాదు. మొన్న వానాకాలంలో ఒక ఏజెంటు, తెల్లదనం తగ్గిందని అత్తయ్యగారి పనికి కూలి కోసేశాడు. ఉతికితే పోయే మాపు అది. ఎలాగూ సరుకంతా ఉతికి, ఇస్త్రీ చేసే పైకి పంపుతారు. ఆవిడ ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు. డబ్బు పోయినందుకు కాదు, తన చేతిపనికి వంక పెట్టినందుకు.

జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో నరసాపురం వచ్చి, లేసు అల్లే ఆడవాళ్ళ మధ్య తిరిగి, 1982లో వాళ్ళ మీద ఒక పుస్తకం రాశారు. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు కూర్చుని విదేశాలకు వెళ్ళే సరుకు తయారుచేసేవాళ్ళని, ఇంట్లో ఖాళీగా ఉండి కాలక్షేపానికి అల్లుకునేవాళ్ళుగా చూడబట్టే కూలి అంత తక్కువగా ఉంటోందని ఆవిడ తేల్చారు. ఇది తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మా ఇంటికి వచ్చే చుట్టాలు ఇప్పటికీ అత్తయ్యగారితో "మీకేమండి, ఆ లేసుతో పొద్దుపోతుంది" అంటారు. పొద్దుపోవడానికి కాదు. మా వారి చదువులో సగం ఆ సూదే చదివించింది. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. సంతోషమే. ఆ గుర్తింపు అల్లే చేతికి కూలిగా ఎప్పుడు దిగుతుందో చూడాలి.

ఇక వినడం సంగతి. అత్తయ్యగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండోదానికి షుగరు అదుపులోకి రావాలన్నారు. లేసు ఆవిడకి వేళ్ళతోనే తెలిసిపోతుంది. ఎక్కడ కుట్టు వదిలేశారో బొటనవేలితో తడిమి చెప్పేస్తారు. బైబిలు అక్షరాలకి ఆ వీల్లేదు కదా. రోజూ పొద్దున్నే లేచి రెండు అధ్యాయాలు చదువుకునే మనిషి, పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చోవడం చూసి నాకు బాధేసింది.

మా చర్చి సంఘంలో ఒక తమ్ముడు నా ఫోన్లో బైబిల్ డాట్ ఈజ్ అనే యాప్ వేసి ఇచ్చాడు. ఫెయిత్ కమ్స్ బై హియరింగ్ అనే సంస్థది. పైసా కట్టక్కర్లేదు. ఒక్కసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ కూడా అక్కర్లేదు. కొత్త నిబంధన మొత్తం సుమారు ఇరవై గంటలు వస్తుంది. అత్తయ్యగారు మొదట నమ్మలేదు. "ఫోనులో వాక్యమేంటమ్మాయ్, అందులో అడ్వర్టైజ్‌మెంట్లు వస్తాయిగా" అన్నారు. రావని తెలిశాక ఇక వదల్లేదు. అన్నిటికంటే ఎక్కువసార్లు పెట్టించుకున్నది రూతు గ్రంథం. నాలుగే అధ్యాయాలు, ఓ ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. అత్త వెంట కోడలు పరాయి ఊరు నడిచి వచ్చే చోట, వింటూ వింటూ నా వైపు ఒకసారి చూస్తారు. నేను కూరగాయలు తరుగుతూ చూడనట్టే ఉంటాను. కానీ ఆ చూపు కోసమే అక్కడ కూర్చుంటాను.

తర్వాత ఇదంతా స్త్రీల కూటానికి పాకింది. గురువారం మధ్యాహ్నాలు ఎవరో ఒకరింట్లో కూటం పెట్టుకుంటాం. పాట, ప్రార్థన, వాక్యం, చివర్లో టీ. చదువు రాని పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. వచనం చదవమంటే పక్కవాళ్ళ వైపు చూసి తలదించుకునేవారు. స్పీకరు పెట్టి అపొస్తలుల కార్యములు ఒక్కో అధ్యాయం వినిపించడం మొదలుపెట్టాక వాళ్ళే ముందు వరసలో కూర్చుంటున్నారు. తొమ్మిదో అధ్యాయం విన్న రోజు నాకు బాగా గుర్తు. యొప్పేలో తబితా అనే ఆవిడ చనిపోతుంది. దొర్కా అని కూడా అంటారు ఆవిడని. విధవరాండ్రంతా పేతురు చుట్టూ నిలబడి ఏడుస్తూ, ఆవిడ తమకి కుట్టిపెట్టిన అంగీలు, వస్త్రాలు చూపిస్తారు. అక్కడ ఆపేయమన్నారు. ఆ తర్వాత అరగంట సేపు ఎవరి బట్టలు ఎవరు కుట్టారు, ఎవరి బిడ్డకి ఎవరు లేసు గౌను అల్లి ఇచ్చారు అన్న మాటలే. ఎప్పుడూ నోరు విప్పని ఒక పెద్దావిడ, తన పెళ్ళికి అంచు అల్లి పెట్టిన మనిషి పేరు చెప్పి, ఆవిడ కోసం ప్రార్థన చేయమని అడిగారు.

ఒక చిక్కు కూడా వచ్చింది. దేవుని వాక్యం వింటూ చేతిలో పని పెట్టుకోవచ్చా అని. తగదన్నారు కొందరు. రేపు ఏజెంటు వస్తాడు, పని ఇవ్వకపోతే ఎలా అన్నారు మిగతావాళ్ళు. పాస్టరమ్మగారు అందరి మాటా విని ఒక పద్ధతి చెప్పారు. ప్రార్థనలోనూ వాక్యం వినేటప్పుడూ సూది పక్కన పెట్టాలి. తర్వాత సాక్ష్యాలు, కబుర్లు, కథలు నడిచేటప్పుడు అల్లుకోవచ్చు. నాకు ఇది న్యాయంగానే తోచింది. అత్తయ్యగారు మాత్రం ఇంట్లో ఈ నియమం ఒప్పుకోరు. "నా చేతులు ఆగితే నా మనసు బజారుకి పోతుంది" అంటారు.

కథలు ఇంట్లోకి తెచ్చింది మా అమ్మాయి. ఎనిమిదో తరగతి. ఇంగ్లిషు వింటే మాట తిరుగుతుందని వాళ్ళ టీచరుగారు లిబ్రివాక్స్ అనే వెబ్‌సైటు చూపించారు. 2005లో మాంట్రియల్‌లో హ్యూ మెగ్వైర్ అనే ఆయన మొదలుపెట్టారట. కాపీరైటు హక్కులు తీరిపోయిన పాత పుస్తకాలని ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో ఒక్కో అధ్యాయం చదివి పెడతారు. చదివినందుకు వాళ్ళకి డబ్బు రాదు, విన్నందుకు మనకి ఖర్చు లేదు. ప్రతి అధ్యాయం ముందూ "దిస్ ఈజ్ ఎ లిబ్రివాక్స్ రికార్డింగ్" అని వస్తుంది. ఇంగ్లిషు రాని అత్తయ్యగారికి కూడా ఆ ముక్క కంఠతా వచ్చేసింది.

మా అమ్మాయి అక్కడ హైడీ అనే నవల వింటూ మామ్మకి తెలుగులో చెప్పుకొచ్చింది. ఆల్ప్స్ కొండల మీద తాతయ్య దగ్గర పెరిగే చిన్నపిల్ల కథ. అందులో పీటరు వాళ్ళ మామ్మకి చూపు ఉండదు. రాట్నం ముందు కూర్చుని నూలు వడుకుతూ, తన పాత కీర్తనల పుస్తకం ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండునని ఎదురుచూస్తూ ఉంటుంది. అది విని అత్తయ్యగారు సూది ఆపేశారు. "ఆ ముసలమ్మదీ దారం పనేనా?" అని అడిగారు. తర్వాత హైడీ చదవడం నేర్చుకుని కొండకి తిరిగి వచ్చి ఆ ముసలమ్మకి కీర్తనలు చదివే చోటు దాకా రోజూ ఒకటే ఆరా, "ఆ పిల్లకి చదువు వచ్చిందా లేదా?" అని. గట్టి నల్లరొట్టె నమలలేని ఆ మామ్మకి మెత్తటి రొట్టెలు దాచి తేవాలనుకుంటుంది పాప. అది విన్న రోజు మా అమ్మాయి చేత బ్రెడ్డు తెప్పించి పాలల్లో ముంచుకుని తిన్నారు.

తెలుగులో అలాంటివి వెతికితే లిబ్రివాక్స్‌లో దొరికేవి బహు తక్కువ. బయట యూట్యూబులో చాలా ఉన్నాయి కానీ అందులో కొత్త రచయితలవి అనుమతి లేకుండా పెట్టినవి కూడా ఉంటాయి. అవి మా ఇంట్లో పెట్టను. రాసినవాళ్ళ కూలీ కూలే. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళకి హక్కులు తీరిపోతాయి. అలా చూసుకుంటూ వెళ్తే పాతతరం రచయిత చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి దగ్గర ఆగాను. ఆయన 1946లో పోయారు. నా పుట్టిల్లు వీరవాసరం. ఆయన చిన్నతనం గడిచింది కూడా అక్కడే. ఆయనకి చిన్నప్పటి నుంచీ రేచీకటి. రాత్రిపూట దీపం ఉన్నా చదవలేక, తోటివాళ్ళు చదువుతుంటే విని పాఠాలు నేర్చుకున్నారు. తర్వాత చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాతి రచనలు ఆయన నోటితో చెబుతుంటే మరొకరు రాసిపెట్టినవే. విని నేర్చుకున్న మనిషి పుస్తకాన్ని వినేవాళ్ళకి చదివిపెట్టడం కంటే న్యాయమైన పని నాకు తోచలేదు.

అందుకని మేమే చదువుతున్నాం. పాత పుస్తకాలు ఉచితంగా దొరికే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో ఆయన నవల ఒకదాని పాత అచ్చు స్కాను దొరికింది. నేనొక అధ్యాయం, మా అమ్మాయి ఒకటి. పగలు రికార్డింగు కుదరదు. ఇంటి వెనక రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల మోత. తెల్లవారుజామున కరెంటు పోయినప్పుడు ఏరేటర్లు కాసేపు ఆగుతాయి, మా ఫ్యానూ ఆగుతుంది. అప్పుడు గబగబా ఇద్దరం లేచి కూర్చుంటాం. చెమటలు కారుతుంటాయి. ఆ కాలపు మాటలు మా అమ్మాయికి తెలియకపోతే మామ్మని అడుగుతుంది. ఆవిడకి చాలా తెలుసు. చదువుకుని కాదు, వాళ్ళ అమ్మమ్మ నోట విని. రికార్డు చేసింది మధ్యాహ్నం అత్తయ్యగారు విని తప్పులు చెబుతారు. లిబ్రివాక్స్‌లో కూడా ఒకరు చదివింది ఇంకొకరు విని సరిచూస్తారట. మా ఇంట్లో ఆ ఉద్యోగం ఆవిడదే. "ఇక్కడ పరుగెత్తావు, మళ్ళీ చదువు" అంటే చదవాల్సిందే.

పోయిన కోతపండుగకి అత్తయ్యగారు, కూటంలో మరికొందరు కలిసి ప్రభుబల్లకి లేసు గుడ్డ అల్లారు. ఏజెంటు దారం కాదు, చందాలేసి కొన్నది. అతుకుపని అంతా మా వరండాలోనే జరిగింది, ఆ చిలకమర్తి గారి నవల వింటూనే. పండుగ రోజు వేలం పాటలో కోడిపుంజులు, గుమ్మడికాయలు, కొబ్బరి గెలలతో పాటు వాళ్ళు విడిగా అల్లిన చిన్న గుడ్డలు కూడా పెట్టారు. ఒక్కోటి ఏజెంటు కలలో కూడా ఇవ్వని ధరకి పోయింది. అత్తయ్యగారు ఆ ధర విని నోరు తెరిచి, పక్కావిడ చెయ్యి పట్టుకున్నారు. ఆ డబ్బు సంఘానికే వెళ్ళింది. కానీ చేతిపనికి అసలు విలువ ఎంతో అందరి ముందూ ఒకసారి పాడి చెప్పినట్టయింది.

ఇప్పుడు కూటంలో ఆడవాళ్ళు మెమరీ కార్డులు తెచ్చి ఇస్తున్నారు, మా రికార్డింగులు వేసి పెట్టమని. నవల పూర్తయ్యాక దాన్ని లిబ్రివాక్స్‌కి పంపే దారి చూస్తాం. వాళ్ళు అమెరికా చట్టం ప్రకారం హక్కులు తీరినవే తీసుకుంటారు కాబట్టి అచ్చయిన సంవత్సరం చూసుకోవాలి. ఇది చదివేవాళ్ళలో తెలుగు తీరుగా చదవగలిగినవాళ్ళు, రోజూ ఓ అరగంట వీలున్నవాళ్ళు ఉంటే పాత పుస్తకం ఏదైనా ఒక్క అధ్యాయం చదివి పెట్టండి. మంచి మైకు లేకపోయినా ఫరవాలేదు. తలుపులు వేసుకుని, ఫోను నోటికి జానెడు దూరంలో పెట్టుకుంటే సరిపోతుంది. నెమ్మదిగా చదవండి. వినేవాళ్ళు కుట్లు లెక్కపెట్టుకుంటూ వింటారు.