అద్దె సైకిల్ డబ్బులు

ఆదివారం, రాత్రి 9.40

పొద్దున అయిదున్నరకే ఇంట్లోంచి బయల్దేరాను. బొల్లారం దగ్గర ఒక గ్రౌండులో అండర్-13 ఫుట్‌బాల్ మ్యాచ్‌లు రెండు ఉన్నాయని శుక్రవారమే కబురొచ్చింది. ఫ్లాస్కులో టీ, నోటుబుక్కు, రెండు పెన్నులు, టోపీ సంచిలో పెట్టుకున్నాను. విజిల్ మాత్రం లేదు. పందొమ్మిదేళ్లు మెడలో వేలాడిన విజిల్ అది. కోచింగ్ మానేసి, ఆట ఉన్న పిల్లల్ని వెతికే స్కౌట్‌గా తిరగడం మొదలుపెట్టి రెండేళ్లు దాటినా, గ్రౌండులో అడుగుపెట్టగానే చెయ్యి దానికోసం గుండె మీదికి పోతుంది.

దారిలో అమ్ముగూడ వచ్చింది. ఆ పేరు కనబడితే ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం గుర్తుకురాకుండా ఉండరు నాకు. 1936లో అక్కడే పుట్టారు. ఇరవై ఏళ్లకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఉన్నారు. ఆయనలోని ఆటను పట్టుకున్నది అప్పటి భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, మా అందరికీ రహీం సాబ్. సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్‌కు ప్రాక్టీసుకు రావడానికి ఈ కుర్రాడి దగ్గర డబ్బుల్లేవని తెలిసి, అద్దె సైకిల్‌కు ఆయనే డబ్బులిచ్చారట. ఈ మాట మా సీనియర్ల నోట ఎన్నోసార్లు విన్నాను. చిన్నప్పుడు అది రహీం సాబ్ మంచితనం గురించి చెప్పే కథ అనుకునేవాణ్ని. ఇవాళ మాత్రం బస్సు కిటికీలోంచి ఆ బోర్డు చూస్తూ వేరేలా ఆలోచించాను.

మొదటి మ్యాచ్ మామూలుగా గడిచింది. రెండో మ్యాచ్‌లో అందరి కళ్లూ ఒక పొడుగాటి సెంటర్ ఫార్వర్డ్ మీదే. మీసకట్టు వచ్చేసింది, అడుగు వేస్తే మిగతావాళ్లు పక్కకు పడుతున్నారు. మూడు గోల్స్ కొట్టాడు. పదమూడేళ్లలోపు జట్టంటే జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్లో పుట్టినవాడూ ఒకే లెక్క. ఆ వయసులో పదకొండు నెలలంటే బెత్తెడు ఎత్తు, చాలా బలం. రేపటి మ్యాచ్ గెలవాల్సిన కోచ్ ఆ పొడుగు పిల్లాడినే తీసుకుంటాడు. నేనూ అలాగే తీసుకున్నాను ఇన్నేళ్లూ. స్కౌట్ అయితే, మిగతావాళ్లు కూడా ఎదిగాక వీడి దగ్గర ఏం మిగులుతుందో చూడాలి.

అవతలి జట్టులో 14వ నంబరు పిల్లాడు. లెఫ్ట్ మిడ్‌ఫీల్డ్. జెర్సీ మోకాళ్ల దాకా వస్తోంది. మొదటి పది నిమిషాల్లో బంతి వాడి దగ్గరికి వచ్చిందే నాలుగుసార్లు. కానీ ఆ నాలుగుసార్లూ, బంతి ఇంకా దారిలో ఉండగానే, వాడు మెడ తిప్పి ముందు కుడి భుజం మీదుగా, తర్వాత ఎడమ భుజం మీదుగా వెనక్కి చూశాడు. పిట్ట చూసినట్టు, ఒక్క క్షణం. బంతి కాలికి తగిలేసరికి ఎటు తిరగాలో వాడికి ముందే తెలుసు. ఎవరైనా నేర్పారో లేదో అని సగం ఆటలో వాళ్ల పీఈటీ సారును అడిగాను. "లేదు సార్, ఎప్పుడూ గట్లనే దిక్కులు చూస్తడు, తిడుతుంటా" అన్నారు. తిట్టొద్దని చెప్పాను.

కుడికాలు మాత్రం వాడటం లేదు. ఎంత ఇరుకులోనైనా తిరిగి తిరిగి ఎడమకాలి మీదికే తెచ్చుకుంటున్నాడు. రెండుసార్లు బంతి పోయింది. నాలోని కోచ్ లేచి నిలబడ్డాడు, అరవబోయి ఆగాను. రహీం సాబ్ బలహీనమైన కాలితోనే ఆడాలనే నిబంధనతో టోర్నమెంట్లు పెట్టేవారు, డ్రిబ్లింగ్, అంటే బంతిని కాళ్లతో తిప్పుకుంటూ తీసుకుపోవడం, లేని టోర్నమెంట్లు కూడా. బడిపంతులుగా పనిచేసిన మనిషి కదా, ఏది నేర్పితే వస్తుందో ఆయనకు తెలుసు. కుడికాలు నేర్పితే వస్తుంది. ఆ మెడ తిప్పడం ఆ వయసులో దానంతటదే వచ్చిన పిల్లాణ్ని నేను పందొమ్మిదేళ్లలో ముగ్గుర్నో నలుగుర్నో చూశాను.

మ్యాచ్ అయ్యాక వాళ్లమ్మ గేటు దగ్గర టిఫిన్ బాక్సుతో నిలబడి ఉంది. హాస్టల్లో వంట చేస్తుందట. పుట్టినతేదీ అడిగితే డిసెంబర్ 19 అంది. బుధవారం మా అకాడమీలో ట్రయల్స్ ఉన్నాయమ్మా, తీసుకురండి అన్నాను. అకాడమీ ఎక్కడో చెప్పగానే ఆమె మొహం మారింది. నగరానికి అవతలి చివర అది. రెండు బస్సులు మారాలి.

"నాకైతే జీరో టికెట్ ఉంటది సార్, వీనికే పైసలు. పైసల గురించి గూడ కాదు. బుధవారం నేను డ్యూటీ ఇడిస్తే పనిలకెళ్లి తీసేస్తరు. పిల్లగాన్ని ఒక్కన్ని గంత దూరం ఎట్ల పంపాలె?"

నా దగ్గర జవాబు లేదు. నంబరు రాసుకుని, ఫోన్ చేస్తానమ్మా అని చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చి భోజనం చేశాను గానీ మనసు అక్కడే ఉంది. చాలా ఏళ్ల కింద ఇలాంటి పిల్లాణ్నే ఒకణ్ని పొట్టిగా ఉన్నాడని వచ్చే ఏడాది రమ్మన్నాను. వచ్చే ఏడాది వాడు రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కోవడానికి నేనూ వెళ్లలేదు. సెలక్షన్ లిస్టులో పేరు లేకపోతే నా పని అయిపోయిందనుకునే రోజులవి. ఇప్పుడు ఆ పిల్లాడి మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. అదే ఎక్కువ బాధ.

మధ్యాహ్నం ఔరేలియో పెరేరా గురించి మళ్లీ చదివాను. నాలాగే ఆయనా కోచ్‌గా మొదలైనవాడే. పోర్చుగల్‌లో స్పోర్టింగ్ లిస్బన్ క్లబ్బు పిల్లల జట్లకు నేర్పి, తర్వాత ఆ క్లబ్బులో పిల్లల్ని వెతికి తెచ్చే విభాగాన్ని దశాబ్దాలపాటు నడిపారు. ఫ్యూత్రే, ఫిగో, క్వారెజ్మా, నాని లాంటి పెద్ద ఆటగాళ్లందరూ ఆయన చేతి మీదుగా వచ్చినవాళ్లే. 2016 యూరో ఫైనల్లో పోర్చుగల్ తరఫున మైదానంలో దిగిన 14 మందిలో 10 మంది ఆ క్లబ్బు పిల్లలే. 2025 ఏప్రిల్ 8న, 77 ఏళ్ల వయసులో ఆయన పోయారని తెలిసినరోజు నాకు ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టనిపించింది.

1997లో మదీరా దీవి నుంచి పన్నెండేళ్ల క్రిస్టియానో రొనాల్డో ట్రయల్స్‌కు వచ్చాడు. మొదట చూసిన కోచ్‌లు చెబితే పెరేరా స్వయంగా వచ్చి చూశారు. ఆ పిల్లాడి క్లబ్బు నాసియోనల్, స్పోర్టింగ్‌కు బాకీ ఉంది. ఆ బాకీ వదులుకుంటేనే పిల్లాడు దక్కుతాడు. పన్నెండేళ్లవాడికి అంత సొమ్మా అని అకౌంట్స్ చూసేవాళ్లు ప్రశ్నిస్తారని తెలిసే, ఆయన కాగితం మీద రాసిచ్చి ఒప్పించారు. అందరూ ఈ కథ ఇక్కడితో ఆపేస్తారు. నాకు దాని తర్వాతిదే ముఖ్యం. లిస్బన్‌లో ఆ పిల్లాడు ఇంటిమీద బెంగతో ఏడ్చేవాడు. వాడి దీవి యాసను క్లాసులో పిల్లలు ఎగతాళి చేసేవారు. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చి హైదరాబాద్ హాస్టల్లో చేరిన పిల్లలు ఇదే పడతారు, నేను కళ్లారా చూశాను. ఆ రోజుల్లో పక్కన నిలబడ్డవాళ్లు లేకపోతే రొనాల్డో మొదటి ఏడాదే ఇంటికి పోయేవాడు.

సాయంత్రం అకాడమీకి ఫోన్ చేశాను. పిల్లాడికి రానూపోనూ ఖర్చు, తోడు ఒక మనిషిని పంపగలరా అని అడిగాను. సెలక్టయితే అప్పుడు చూద్దాం సార్ అన్నారు. సెలక్టవ్వాలంటే ముందు రావాలి కదా అన్నాను. కాసేపు మౌనం. రూల్స్ ఉంటాయి, వాళ్లనూ నేను తప్పుపట్టను. కానీ ఫోన్ పెట్టాక చాలాసేపు వరండాలో అటూ ఇటూ తిరిగాను. పిల్లాణ్ని చూసి పేరు రాసుకుంటే నా పని సగమే అయింది. వాడు రావడానికి దారి కూడా నేనే చూడాలి. రహీం సాబ్ ఇచ్చిన అద్దె సైకిల్ డబ్బులు దానం కాదు, స్కౌటింగే. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఎనిమిదింటికి ఆమెకు ఫోన్ చేశాను. బుధవారం నేనే వచ్చి తీసుకెళ్లి, రాత్రికి నేనే ఇంటిదగ్గర దింపుతానని చెప్పాను. తెలియని మనిషి మాట, ఆమె వెంటనే ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే మంచిది. పీఈటీ సారును కూడా వెంట తీసుకెళ్తానని, ఆయనతో మాట్లాడి రేపు మళ్లీ చేస్తానని అన్నాను. "ఆయన వస్తే సరే సార్" అంది. వెనకాల పిల్లాడు ఏదో గట్టిగా అడుగుతున్నాడు. బూట్లు కడగనా అంటున్నాడంది.

రేపటి పనులు: పీఈటీ సారుకు ఫోన్. హెడ్మాస్టరు గారి అనుమతి కాగితం. ఆధార్ జిరాక్స్.

బుధవారం, మధ్యాహ్నం 2.30, అల్వాల్ బస్టాప్. చిల్లర ఉంచుకోవాలి.