అలాస్కా హైవే మీద యూకాన్ దాకా

కెనడాలో 10 ప్రావిన్సులు, 3 టెరిటరీలు అని జీకే పుస్తకాల్లో బట్టీ పట్టినవాళ్ళమే అందరం, కానీ ఈ రెండూ వేరు వేరు ఎందుకయ్యాయో నాకు తెలిసింది మాత్రం మొన్న బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సులోని సర్రేలో ఉండే మా బావ వాళ్ళతో కార్లో యూకాన్ టెరిటరీకి వెళ్ళినప్పుడే. డాసన్ క్రీక్‌లో మైలు జీరో దగ్గర ఫొటోలు దిగి అలాస్కా హైవే ఎక్కేశాం, 1942లో యుద్ధం కోసమని అమెరికా ఆర్మీ వేసిన రోడ్డు ఇది, గంటలు గంటలు ఒకటే అడవి, మధ్యలో బైసన్ల మంద రోడ్డు మీదకొచ్చి నిలబడితే అవి కదిలేదాకా ఆగాల్సిందే.

వాట్సన్ లేక్‌లో బోర్డుల అడవి తప్పకుండా చూడండి. రోడ్డు వేసేటప్పుడు ఒక సైనికుడు ఇంటి మీద బెంగతో తన ఊరి పేరు రాసి పెట్టాడంట, ఇప్పుడు వేలకు వేల ఊళ్ళ బోర్డులు. పిల్లలు కాకినాడ కోసం చాలాసేపు వెతికారు, దొరకలేదు.

యూకాన్ రాజధాని వైట్‌హార్స్‌లో జాకెట్ కొంటే బిల్లులో 5 శాతం జీఎస్టీ ఒక్కటే ఉంది, బ్రిటిష్ కొలంబియాలో అయితే ప్రావిన్సు టాక్స్ ఇంకో 7 శాతం పడేది. టెరిటరీ కాబట్టేనా బావా అనడిగితే, కాదురా, అల్బర్టా ప్రావిన్సే, అక్కడా ఆ రెండో టాక్స్ లేదు, అసలు తేడా అధికారం ఎక్కణ్ణుంచి వచ్చిందనేదే అన్నాడు. ప్రావిన్సులకి 1867 రాజ్యాంగమే నేరుగా ఇచ్చేసింది, టెరిటరీలకి ఒట్టావా పార్లమెంటు చట్టం చేసి ఇస్తుంది. బంగారం కోసం జనం ఎగబడ్డ రోజుల్లో, 1898లో, నార్త్‌వెస్ట్ టెరిటరీస్ నుంచి యూకాన్‌ని విడదీశారు, 1999లో నునావుట్‌ని కూడా అందులోంచే తీశారు. మా పక్కనే ఉన్న యానాం పుదుచ్చేరి కింద ఉండటం చిన్నప్పట్నుంచీ చూస్తున్నా కాబట్టి నాకు వెంటనే ఎక్కింది. యూకాన్‌లో కమిషనర్ అని, మన గవర్నర్ లాగా, ఒకరుంటారు గానీ పాలించేది మాత్రం గెలిచిన ప్రభుత్వమే, 2003 నుంచి భూములు, గనులు కూడా చాలావరకు వాళ్ళ చేతికే వచ్చాయి. నాకైతే ఇది చాలా నచ్చింది, అక్కడ బతికేవాళ్ళకే ఆ నేల మీద మాట ఉండాలి.

మన రెండు రాష్ట్రాలూ కలిపినా యూకాన్ అంత ఉండవు, జనం మాత్రం 2021 లెక్కల్లో 40 వేల చిల్లర, అందులో ఎక్కువమంది వైట్‌హార్స్‌లోనే. వెళ్తే జూన్‌లో వెళ్ళండి, రాత్రి 11కి కూడా వెలుగుంటుంది. పెట్రోల్ మాత్రం బంకు కనపడిన ప్రతిచోటా కొట్టించుకోండి. నునావుట్ కూడా చూడాలనుంది గానీ బయటనుంచి అక్కడికి రోడ్డే లేదు, ఫ్లైట్‌కి డబ్బులు దాచాలి.